మత్తడి దూకే కన్ను

చలికాలపు తెల్లవారుజామున సికింద్రాబాద్ స్టేషన్ బయట, రైలు దిగి ఆటోల వైపో రేతిఫైల్ బస్టాండు వైపో నడిచే జనంలో, ఒంటి కన్నును మాత్రమే పదేపదే తుడుచుకునేవారు ఒకరిద్దరైనా కనిపిస్తారు. వారిలో ఎక్కువమంది నడివయసు దాటిన స్త్రీలు. చేతిలోని నాలుగు మడతల రుమాలో, చీర కొంగు చివరో ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఆ తుడుచుకోవడంలో దుఃఖించేవారి తొట్రుపాటు గాని, కన్నీరు దాచుకోవాలనే ఆత్రం గాని లేదు. జారిన కళ్ళజోడును పైకి నెట్టుకున్నంత అలవాటుగా, సామాను లెక్కపెట్టుకుంటూనే, ఆటోవాడితో బేరమాడుతూనే, కొంగు కంటి కొలుకు దాకా వెళ్ళి వస్తుంది. దుఃఖం వచ్చినప్పుడు రెండు కళ్ళూ తడుస్తాయి. ఒక్క కన్నే, అదీ చల్లగాలి తగిలినప్పుడల్లా, కారుతున్నదంటే అది మనసు సంగతి కాకపోవచ్చునని కాస్త ఆలోచిస్తే ఎవరికైనా తోస్తుంది. అయినా పక్కన కూర్చున్నవారు మొదట అడిగే ప్రశ్న, ఎందుకమ్మా ఏడుస్తున్నావు, అన్నదే అవుతుంది. ఏడవనివారిని ఏడుపు గురించి అడగడంలో దయ ఉన్నది, పొరపాటూ ఉన్నది. ఆ పొరపాటు అడిగిన ఒక్క మనిషిదా, లేక కన్నీటిని గురించి తరతరాలుగా ఆలోచిస్తూ వచ్చిన తీరుదా?

తెలుగులో కన్నీటికి ఉన్నంత పదసంపద చెమటకు లేదు, నెత్తురుకూ అంతగా లేదేమో. కళ్ళు చెమరుస్తాయి, కంట తడి పెడతారు, కళ్ళనీళ్ళ పర్యంతం అవుతారు, కన్నీరుమున్నీరుగా విలపిస్తారు, దుఃఖం మరీ ముదిరితే కంటికీ మంటికీ ఏకధారగా ఏడుస్తారు. ఈ మాటలన్నీ నీరు ఊరడాన్ని, పొంగడాన్ని, జారడాన్ని చెప్పేవే. ఊరిన నీరంతా చెంపల మీదికే జారడం లేదు కదా, మిగిలినది ఎటు పోతున్నదన్న ప్రశ్నను ఈ పదసంపద పట్టించుకున్నట్టు లేదు. పట్టించుకోలేదనడం కూడా పూర్తిగా న్యాయం కాదు, ఎందుకంటే కన్నీటిని దిగమింగుకోవడం అన్న నుడికారం ఒకటి ఉన్నది. వాడేవారు దానిని గుండె దిటవుకు గుర్తుగా వాడతారు గాని, శరీరశాస్త్రం దృష్టిలో అది అక్షరసత్యం: కంటిలో ఊరిన నీటిలో గాలికి ఆరగా మిగిలినది ముక్కులోకి దిగి, అక్కడి నుంచి గొంతులోకి జారుతుంది, ఏ దుఃఖమూ లేని మనిషి కూడా రోజంతా తన కన్నీటిని తానే మింగుతుంటాడు. ఏడ్చేవారు ముక్కు చీదడమూ, కంట్లో వేసిన చుక్కల మందు కాసేపటికి గొంతులో చేదుగా తగలడమూ ఈ దారి చలవే. నుడికారానికి దారి తెలుసు. దారికి మాత్రం ఇళ్ళలో పిలుచుకునే పేరు పుట్టలేదు. డాక్టర్లు కన్నీటి నాళం అంటారు, పాఠ్యపుస్తకాలు అశ్రునాళం అంటాయి, ఆ రెండు మాటలూ ఆసుపత్రి గడప దాటి వంటింటి దాకా వచ్చినవి కావు.

ఈ విషయంలో కవుల కంటే నాట్యశాస్త్రకర్త భరతుడు మెలకువగా ఉన్నాడు. మనసులోని భావం దేహం మీద తానై బయటపడే ఎనిమిది సాత్త్విక భావాలలో అశ్రువును ఒకటిగా చెప్పి, దానికి కారణాలు చెప్పేటప్పుడు ఆయన ఆనందం, కోపం, భయం, శోకం అన్నవాటితో ఆగలేదు; పొగ, కాటుక, ఆవులింత, రెప్ప వేయకుండా చూడటం, చలి, చివరకు రోగం, ఇవన్నీ అదే వరుసలో చేర్చాడు. స్టేషన్ బయట చలిగాలిలో కన్ను తుడుచుకునే స్త్రీకి భరతుని పట్టికలో రెండు చోట్ల స్థానం ఉన్నదన్నమాట. తరువాతి కాలపు సాహిత్యం ఆ పట్టికలో శోకాన్ని మాత్రం ఏరుకొని మిగతాది వదిలేసింది. కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ 1925లో వచ్చిన తరువాత కన్నీరు భావకవిత్వానికి చిరునామా అయి, పిమ్మట అదే కారణంగా ఎగతాళికీ గురి అయింది. మెచ్చినవారు గాని వెక్కిరించినవారు గాని ఆ నీరు ఎక్కడికి పోతుందని అడిగినట్టు కనిపించదు. కవిత్వాన్ని ఆ ప్రశ్న అడగడం సబబేనా అంటే, బహుశా కాదు. కానీ ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగవలసినదే.

దాని జవాబును సికింద్రాబాద్ వాసులకు చెప్పడానికి హుస్సేన్‌సాగర్ కంటే మంచి ఉపమానం దొరకదు. పదహారో శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించిన ఆ చెరువులోకి కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా వంటివి నీటిని తెస్తాయి. మిగులు నీరు నాలా వెంట మూసీకి చేరుతుంది. తెలంగాణ చెరువుకు మూడు అంగాలు: నీటిని ఆపే కట్ట, అదుపుగా వదిలే తూము, నిండినప్పుడు పొంగి పొర్లే మత్తడి, దానినే అలుగు అని కూడా అంటారు. కంటిలోనూ ఇదే ఏర్పాటు. కనుగుంటలో పైన, బయటి మూలగా ఉండే కన్నీటి గ్రంథి నీటిని ఊరిస్తుంది. కన్నీరు మెదడు నుంచి కారుతుందన్న పాత నమ్మకాన్ని కాదని, ఇది గ్రంథి చేసే పని అని డెన్మార్కు శాస్త్రవేత్త నీల్స్ స్టెన్సెన్ 1662 ప్రాంతంలో చూపాడు. మామూలు వేళ కంటిపై నిలిచి ఉండే నీరు సుమారు ఏడు మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఏడు. నిమిషానికి ఊరేది దాదాపు ఒక్క భాగం. ముక్కు వైపున పై రెప్ప అంచునా కింది రెప్ప అంచునా ఒక్కొక్క సూదిబెజ్జం వంటి రంధ్రం ఉంటుంది. అద్దం ముందు నిలబడి కింది రెప్పను కొద్దిగా లాగి చూస్తే ఎవరికైనా అది కనిపిస్తుంది. ఇవే తూములు. వాటి నుంచి సన్నని కాలువలు బయలుదేరి, ముక్కు ఎముక పక్కన ఒక గుంటలో ఒదిగి ఉన్న కన్నీటి సంచిలోకి చేరుతాయి; సంచి కింద మొదలయ్యే నాళం ఎముక మధ్య గుండా దిగి ముక్కు లోపల, పక్కగోడ మీది మడతలలో అన్నిటికంటే కింది దాని చాటున తెరుచుకుంటుంది. నీరు దానంతట అది పల్లానికి పారుతున్నదనుకుంటే పొరపాటే, ఎందుకంటే రెప్ప వాల్చినప్పుడల్లా కంటి చుట్టూ ఉన్న కండరం బిగిసి వదిలి, నీటిని సంచిలోకి తోడి కిందికి పంపుతుంది. ఇంత పని జరుగుతున్న సంగతి దేహయజమానికి ఏనాడూ తెలియదు. తూము పూడినప్పుడు మాత్రమే తెలుస్తుంది, అప్పుడు కన్ను మత్తడి దూకుతుంది గనుక.

అయితే కారే కన్నంతా పూడిన కన్ను కాదు. కంటిలో నలుసు పడినా, రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగినా, విచిత్రంగా కన్ను పొడిబారినా కూడా నీరు కారుతుంది. పొడి వల్ల పుట్టిన మంటకు గ్రంథి కంగారుపడి ఎక్కువ నీటిని వదులుతుంది, అది వరద వచ్చి పొర్లడం వంటిది. దారి మూసుకుపోయి పొర్లడం వేరు. నేత్ర వైద్యులు ఈ రెండింటినీ వేరుచేసి, రెండోదానికే ఎపిఫోరా అన్న పేరు వాడతారు. ఆ దారి పెద్దవారిలో ఎందుకు మూసుకుపోతుందన్నది ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన చీకటి. దెబ్బ తగిలి ముక్కు ఎముక విరగడం, కణితి, కొన్ని మందులు వంటి తెలిసిన కారణాలు కొద్దిమందికే వర్తిస్తాయి. నాళపు లోపలిపొర వాచి, క్రమంగా గట్టిపడి, దారి పూడిపోవడమనే ఈ మామూలు రకానికి లిన్‌బెర్గ్, మెకార్మిక్ అనే వైద్యులు 1986లో ‘ప్రైమరీ అక్వైర్డ్’ అన్న విశేషణంతో పేరు పెట్టారు. పుట్టుకతో కాక తరువాత వచ్చినది, అయినా ఫలానా దాని వల్ల అని చెప్పలేనిది అని దాని తాత్పర్యం. వైద్యంలో ఇటువంటి పేర్లు వినయానికి గుర్తులు. ఇది స్త్రీలలో, అందునా నెలసరి ఆగిన వయసు వారిలో, ఎక్కువ; వారి నాళపు ఎముక దారి ఇరుకు కావడం ఒక కారణమని, హార్మోనుల మార్పు మరొకటని వాదాలున్నాయి. ఆ వాదాలను పరీక్షించే పని హైదరాబాదులోనే జరుగుతున్నది: బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో గోవిందరాం సెక్సరియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డాక్రియాలజీ అన్న ప్రత్యేక విభాగం ఉన్నది. గ్రీకులో డాక్రియోన్ అంటే కన్నీరు. అంటే అది కన్నీటి శాస్త్రానికి కట్టిన గూడు. దానిని నడిపించే డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీ కన్నీటి దారి శస్త్రచికిత్సపై కూర్చిన పెద్ద గ్రంథాన్ని 2015లో స్ప్రింగర్ సంస్థ ప్రచురించింది; 2019లో వైద్యశాస్త్ర విభాగంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం ఆయనకు వచ్చింది. సూదిబెజ్జమంత దారి కోసం ఒక జీవితమా అని ఆశ్చర్యపోయేవారు ఉంటారు. 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్ పక్కనే బేగంపేటలో, దోమ కడుపులో మలేరియా జాడ కోసం రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో వెతికింది కూడా అంతకంటే పెద్ద చోటేమీ కాదు.

పూడిన దారిలో నీరు నిలుస్తుంది, నిలిచిన నీరు చెడుతుంది; చెరువులు చూసిన వారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. సంచిలో చీము పడితే కంటి కొలుకు పక్కన ఎర్రగా వాచి, సలుపుతూ, ఒక్కొక్కసారి చర్మాన్ని చీల్చుకొని బయటికి కారుతుంది. సుశ్రుతుడు డెబ్బైఆరు నేత్రరోగాలను లెక్కించి, కంటి సంధులలో పుట్టేవి తొమ్మిది అని చెప్పి, వాటిలో సంధి వాచి పండి చీము కార్చేదానికి పూయాలసమని పేరు పెట్టాడు. పూయం అంటే చీము. రక్తం తీయడం, ఉపనాహం అంటే పైన పట్టు వేయడం ఆయన చెప్పిన చికిత్సలు. ఐరోపా వైద్యులు చాలాకాలం ఇంతకంటే ముందుకు పోలేదు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు దొమినీక్ అనెల్ 1713లో సన్నని సలాకనూ, సన్నని పిచికారీనీ రంధ్రంలో దూర్చి దారి కడిగే పద్ధతిని ప్రకటించాడు. లండన్‌లో విలియం బౌమన్ 1857లో సలాకలను మెరుగుపరిచాడు. రెండు వందల ఏళ్ళ పాటు ఈ ప్రయత్నాలన్నిటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే: పాత కాలువలో పూడిక తీయాలి. తీసిన పూడిక మళ్ళీ పూడేది, సలాక రాపిడికి లోపలిపొర మరింత గట్టిపడేది, వైద్యం రోగానికి తోడయ్యేది.

1904లో ఫ్లారెన్స్ నగరంలో అద్దేయో తోతి చేసిన సూచన చూడటానికి మొరటుది. కాలువ జోలికే పోవద్దు, కట్టకు గండి కొట్టండి అన్నాడాయన, ఆ మాటలలో కాకపోయినా. కన్నీటి సంచికీ ముక్కు లోపలికీ మధ్య ఉన్నది పలుచని ఎముక. దానిలో కొంత భాగం కాగితమంత పలుచన. ఆ ఎముకను తొలగించి సంచిని నేరుగా ముక్కులోకి తెరిస్తే, కింది నాళంతో పనే లేదు. డాక్రియోసిస్టోరైనాస్టమీ అన్న నోరు తిరగని పేరుకు అర్థం ఇంతే: కన్నీటి సంచికీ ముక్కుకీ మధ్య తెరిచిన నోరు. ఆసుపత్రులలో అందరూ డీసీఆర్ అంటారు. తోతి తెరిచిన నోళ్ళు కొన్ని మళ్ళీ మూసుకుపోయేవి, ఎందుకంటే శరీరం ప్రతి గండినీ గాయమనుకొని పూడ్చాలని చూస్తుంది. మిగతా వైద్యమంతా గాయం మానాలని కోరుకుంటే ఇక్కడ వైద్యుడు కొంతమేరకు మానకూడదని కోరుకోవలసి వచ్చింది. 1920 ప్రాంతంలో ఫ్రాన్సులో ద్యుప్యుయి-దుతాం, బూర్గే అన్న ఇద్దరు సంచి పొరను ముక్కు పొరతో కుట్టి, గండి అంచులకు మెత్తని పొరను కప్పారు. తెగిన కట్టకు రాతికట్టు కట్టినట్టు అంచులు నిలిచాయి. ఆ తరువాత నూరేళ్ళలో ఎన్ని మార్పులు వచ్చినా, మూల సూత్రం మారలేదు.

నేడు ఈ శస్త్రచికిత్సకు రెండు దారులున్నాయి. బయటి నుంచి చేసేదానిలో కంటి కొలుకు పక్కన, ముక్కు వాలు మీద ఒక సెంటీమీటరు పైచిలుకు కోత పెట్టి, ఎముకను చిన్న పంచ్ పరికరంతో తునకలు తునకలుగా తీస్తారు. చాలామందికి మత్తు ఆ చోటికి మాత్రం ఇస్తే సరిపోతుంది. ఆ చోట ఒక సిర ఉంటుంది, దానిని తప్పించి కోయడంలోనే చేతినేర్పు తెలుస్తుందంటారు. ముక్కు లోపలి నుంచి చేసే దారిని అమెరికాలో కాల్డ్‌వెల్ 1893లోనే, అంటే తోతి కంటే ముందే, ప్రయత్నించాడు. చీకటి గుహలో కనపడకుండా పనిచేయడం సాధ్యం కాక అది వెనకబడింది. చూసే పరికరం వచ్చాక, 1989లో మెక్‌డొనా, మైరింగ్ ఎండోస్కోపుతో దానిని తిరిగి నిలబెట్టారు. ఆలోచన సరైనదై ఉండి కూడా వెలుగు లేక దాదాపు నూరేళ్ళు ఆగవలసి రావడం వైద్యచరిత్రలో అరుదేమీ కాదు. ఎండోస్కోపు పద్ధతిలో ముఖం మీద మచ్చ పడదు. ఫలితం విషయంలో, చేయి తిరిగినవారు చేస్తే రెండూ మంచివే, నూటికి తొంభై దాకా నిలుస్తాయి. కొందరికి రెండు రంధ్రాల గుండా సన్నని సిలికాన్ గొట్టాన్ని ముక్కులోకి దింపి కొన్ని వారాలు ఉంచుతారు. ఆపరేషన్ తరువాత కొన్నాళ్ళు ముక్కు చీదకూడదన్నది గట్టి ఆంక్ష. కొత్త దారి నిలిచాక కొందరికి ముక్కు చీదినప్పుడు కంటి మూలలో గాలి చిమ్మినట్టు తెలుస్తుంది. కంటికీ ముక్కుకీ మధ్య తలుపు లేని గుమ్మం తెరిచారు గనుక అది సహజమే, అయినా ముందుగా చెప్పకపోతే మనిషి హడలిపోతాడు.

పసిపిల్లల సంగతి వేరు, అక్కడ గండి అవసరం అరుదు. నాళం చివర ముక్కులోకి తెరుచుకునే చోట పలుచని పొర పుట్టేనాటికి విచ్చుకోక మిగిలిపోవడం వల్ల కొందరు శిశువుల కళ్ళు నీరూ పుసీ కారుస్తాయి. పది మందిలో తొమ్మిది మందికి ఏడాది లోపు అది దానంతట అదే తెరుచుకుంటుంది, తెరుచుకోనివారికి సలాకతో ఒక్కసారి తెరిస్తే సాధారణంగా చాలు. ఈలోగా కంటి కొలుకు వద్ద వేలితో నొక్కి కిందికి రుద్దమని వైద్యులు చెబుతారు, దీనిని క్రిగ్లర్ అన్నాయన 1923లో ప్రచారంలోకి తెచ్చాడు. తెలుగు ఇళ్ళలో కాళ్ళ మీద పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్ళు పోసే అమ్మమ్మలు, ముక్కు తీరుగా రావాలని, కనుబొమల మధ్య నుంచి కిందికి నూనె వేలితో సాదుతారు. ఆ వేలు అప్పుడప్పుడు సంచి మీదుగా వెళ్ళి, తెలియకుండానే ఏ పసికంటి తలుపునైనా తెరిచిందా? రుజువు చేయడానికి వీలు లేదు, అందమైన ఊహగా వదిలేయడమే మర్యాద. అదే అమ్మమ్మ కంట్లో చనుబాలు పిండితేనో, కాటుక దిద్దితేనో మాత్రం మర్యాదగా వద్దనవలసిందే, ఎందుకంటే దారి మూసుకున్న కంటిలో ఏది వేసినా అక్కడే నిలుస్తుంది.

ఇంతకూ, చావు బతుకుల సమస్య కాని ఈ కారడానికి ఎముక తొలిచే శస్త్రచికిత్స అవసరమా అన్న సందేహం న్యాయమైనదే, చాలామంది పెద్దవారు దానితోనే బతుకు వెళ్ళదీస్తారు కూడా. రెండు విషయాలు ఆ సందేహానికి ఎదురు నిలుస్తాయి. మొదటిది శుక్లం. సంచిలో చీము ఉన్న కంటికి శుక్లం ఆపరేషన్ చేస్తే ఆ సూక్ష్మజీవులు కంటి లోపలికి చేరి చూపును పూర్తిగా తీయగలవు. అందుకే మన దేశంలో శుక్లానికి ముందు సంచి పరీక్ష చేయడం ఆనవాయితీ. మొద్దు సూదితో కింది రంధ్రంలో ఉప్పునీరు పంపి, గొంతులోకి వచ్చిందా అని అడుగుతారు. ఉప్పగా ఉందని రోగి అంటే దారి ఉన్నట్టు; నీరు పై రంధ్రం నుంచి వెనక్కి చిమ్మితే లేనట్టు. మరీ వయసు మళ్ళి పెద్ద శస్త్రచికిత్సకు తట్టుకోలేనివారికి సంచినే తీసివేస్తారు. అప్పుడు చీము బెడద పోతుంది, కారడం మిగులుతుంది. రెండోది మనుషుల మధ్య మసలడం. పెళ్ళిలో కన్ను తుడుచుకుంటే అపశకునమని చూసేవారు, ఉద్యోగంలో ఏడుపుగొట్టు ముఖమనుకునేవారు, ఇంట్లో కోడలినో కొడుకునో అనుమానంగా చూసే చుట్టాలు, వీరి చూపులను రోజూ మోయడం చిన్న బరువు కాదు. ఇక సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ‘పెళ్ళి చేసి చూడు’, ‘మిస్సమ్మ’ వంటి చిత్రాలతో తెలుగువారిని కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వించినవాడు. ఆయన పేరున గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో తెరిచిన ఆసుపత్రిలో నవ్వుకూ ఏడుపుకూ చెందని మూడోరకం కన్నీటికి ఒక విభాగం ఏర్పడటం యాదృచ్ఛికమే అయినా బాగున్నది.

సంచి పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలు. ఇంట్లో ఒంటి కన్ను తుడుచుకునే పెద్దవారు ఉంటే, ఎందుకు ఏడుస్తున్నారని కాక, ఎన్నాళ్ళ నుంచి కారుతున్నదని అడగండి.